గోడకు ఆనించిన సైకిలు మళ్లీ రోడ్డెక్కాలంటే

సైకిలు తొక్కడం మానేసినవాళ్లను కదిలించి చూస్తే, మానెయ్యాలని కూర్చుని నిర్ణయించుకున్నవాళ్లు తక్కువే కనిపిస్తారు. ఒకరోజు వెనక చక్రంలో గాలి దిగిపోయింది. సెలవురోజు చూద్దాంలే అని గోడకు ఆనించారు. సెలవురోజు వచ్చింది, పోయింది. గాలి లేని టైరు మీదే సైకిలు బరువంతా నిలబడి అంచులు పగుళ్లిచ్చాయి. చైను తుప్పు పట్టింది. బ్రేకు వైరు గొట్టంలో బిగుసుకుపోయింది. ఒక్క పంక్చరుతో పోయే పని ఆర్నెల్లలో నాలుగు పనులైంది. అప్పటికి ఆ మనిషి బస్సుకో కారుకో అలవాటు పడిపోయాడు.

పర్యావరణానికి మేలు చేసే రవాణా గురించిన చర్చల్లో ఈ గోడ పక్క సైకిలు ప్రస్తావన దాదాపు రాదు. ఎన్ని కిలోమీటర్ల సైకిలు దారులు వేశారు, ఎన్ని సైకిళ్లు అమ్ముడుపోయాయి, ఎంత సబ్సిడీ ఇచ్చారు అన్నవాటికి లెక్కలుంటాయి. అమ్ముడుపోయినవాటిలో ఈ వారం ఎన్ని రోడ్డు మీద తిరిగాయన్న దానికి లెక్క దొరకడం అరుదు. కొన్న సైకిలుకూ, తిరిగే సైకిలుకూ మధ్య ఉన్న ఈ తేడాను తగ్గించే పని కొన్ని దశాబ్దాలుగా, ఎవరి సైకిలు వాళ్లే బాగుచేసుకునే ఉమ్మడి సైకిల్ షాపులు చేస్తున్నాయి. సైకిలు రోజువారీ వాహనంగా నిలబడాలంటే రోడ్డు ఎంత అవసరమో, రిపేరు చేసుకునే చోటూ, చేతకావడమూ అంతే అవసరమన్నది ఈ వ్యాసం వాదన.

ముందు ఒక చిన్న భాగహారం చూడాలి. యూరోపియన్ సైక్లిస్టుల సమాఖ్య 2011లో వేసిన అంచనా ప్రకారం సైకిలు మీద ఒక కిలోమీటరు వెళ్తే సుమారు 21 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వెలువడతాయి. కారులో వెళ్తే మనిషికి 271 గ్రాములు. సైకిలు 21 గ్రాముల్లో 16 తొక్కే మనిషి అదనంగా తినే తిండి వాటా. తయారీ వాటా 5 గ్రాములే. అంత తక్కువ ఎలా అయిందంటే, సైకిలు 8 ఏళ్ల పాటు, ఏడాదికి 2,400 కిలోమీటర్ల చొప్పున తిరుగుతుందని అనుకుని లెక్క కట్టారు. మొత్తం 19,200 కిలోమీటర్లు. ఆ లెక్కన ఒక సైకిలు తయారీకయ్యే ఉద్గారం 96 కిలోల దాకా ఉంటుంది. అదే సైకిలు 500 కిలోమీటర్లు తిరిగి గోడకు చేరిందనుకుందాం. 96 కిలోలను 500తో భాగిస్తే కిలోమీటరుకు 192 గ్రాములు. తిండి వాటా కలిపితే 208. కారు కంటే తక్కువే గానీ, తేడా నాలుగో వంతు కూడా ఉండదు. సైకిలుకు పచ్చదనం ఫ్యాక్టరీలోనే పూసి పంపరు. అది తిరిగిన దూరాన్ని బట్టే వస్తుంది.

చిన్న దూరాల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. యూరప్‌లో కారు ప్రయాణాల్లో దాదాపు సగం 5 కిలోమీటర్ల లోపువేనని యూరోపియన్ కమిషన్ 1999లోనే చెప్పింది. ఇంజను వేడెక్కకముందే ముగిసిపోయే ఈ ప్రయాణాల్లో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనే మొదలుపెట్టదు. అందువల్ల దూరానికి తగిన దానికంటే ఎక్కువ కాలుష్యం వస్తుంది. ఏడు యూరప్ నగరాల్లోని ప్రయాణాలను పరిశీలించి 2021లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఏడాదిలో 200 రోజులు రోజుకొక కారు ప్రయాణాన్ని సైకిలుకు మార్చుకున్న మనిషి దాదాపు అర టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గించగలడు. మార్చుకోవడం ఒక ఎత్తు. 200 రోజులూ సైకిలు నడిచే స్థితిలో ఉండటం ఇంకో ఎత్తు.

పానా ఎవరి చేతిలో ఉండాలి

మామూలు సైకిల్ షాపులో సైకిలు అప్పగించి, డబ్బులిచ్చి, బాగైన సైకిలు తెచ్చుకుంటాం. ఉమ్మడి సైకిల్ షాపులో సైకిలును స్టాండుకెక్కించేది మనమే, పానా పట్టేదీ మనమే. పనిముట్లు, పాత విడిభాగాలు, పక్కన నిలబడి చెప్పే మనిషి షాపు తరఫున ఉంటారు. చాలావరకు లాభాపేక్ష లేని సంస్థలు నడుపుతాయి, పని వచ్చిన వాలంటీర్లు సాయంత్రాలు వచ్చి నేర్పుతారు. సభ్యత్వ రుసుము, విరాళంగా వచ్చిన సైకిళ్లను బాగుచేసి అమ్మిన డబ్బు, అక్కడక్కడా నగరపాలక సంస్థ సాయం, వీటితో నెట్టుకొస్తుంటారు.

ఇది ఎక్కడ మొదలైందంటే ఒక్క ఊరి పేరు చెప్పడం కష్టం. వియన్నాలో ఒకప్పటి రైలింజన్ల ఫ్యాక్టరీ భవనంలో ఏర్పడిన వుక్ సాంస్కృతిక కేంద్రంలో ఎవరి సైకిలు వాళ్లే బాగుచేసుకునే వర్క్‌షాప్ 1980ల నుంచీ ఉంది. ఇప్పుడు అమెరికాలోని బోస్టన్ కేంద్రంగా పనిచేస్తున్న 'బైక్స్ నాట్ బాంబ్స్' 1984లో పుట్టింది. నికరాగ్వాలో అమెరికా అండతో సాగుతున్న యుద్ధాన్ని వ్యతిరేకించినవాళ్లు పాత సైకిళ్లు పోగుచేసి ఆ దేశానికి పంపడంతో దాని పని మొదలైంది. తర్వాత స్థానిక పిల్లలకు సైకిలు పని నేర్పడం కూడా అందులో పెద్ద భాగమైంది. అమెరికాలోనే పోర్ట్‌లాండ్ నగరపు 'కమ్యూనిటీ సైక్లింగ్ సెంటర్', ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ వర్క్‌షాప్ రెండూ 1994లో మొదలయ్యాయి. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఇలాంటివి వందల్లో ఉన్నాయి, వాటన్నిటికీ కలిపి 'లూరో సిక్లాజ్' అనే జాతీయ సమాఖ్య కూడా ఉంది.

లాస్ ఏంజెలెస్ షాపు పుట్టుకను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2002 ప్రాంతంలో పర్యావరణ స్పృహతో కలిసి జీవిస్తున్న ఒక నివాస సముదాయంలో, ఒక అపార్ట్‌మెంటు వంటగదిలో కొందరు సైకిళ్లు బాగుచేసుకోవడం మొదలుపెట్టారు. అందుకే దానికి 'బైసికిల్ కిచెన్' అని పేరొచ్చింది. వంటగది ఖాళీ చేసి పెద్ద చోటికి మారాక కూడా పేరు మారలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో, వియన్నా, స్వీడన్‌లోని మాల్మో, ఇంకా ఎన్నో నగరాల్లో ఇలాంటి షాపులు తమను తాము 'సైకిలు వంటగది' అనే పిలుచుకుంటున్నాయి. ఆ పేరు అంతగా పాకడానికి కారణం ఊహించవచ్చు. వంటగదిలో పక్కన నిలబడి చూసి, చెయ్యి కలిపి, ఒకసారి మాడ్చి నేర్చుకుంటాం. అక్కడ జరిగేదీ అదే.

ఈ షాపుల్లో గట్టిగా పాటించే నియమం ఒకటుంది. నేర్పేవాళ్లు పనిని తమ చేతుల్లోకి తీసుకోకూడదు. వినడానికి తేలికే. పదేళ్ల అనుభవమున్న చెయ్యి పది సెకన్లలో తీసేసే నట్టుతో కొత్తవాళ్లు పది నిమిషాలు కుస్తీ పడుతుంటే చూస్తూ నిలబడటం చాలా కష్టమైన విద్య. కొన్నిచోట్ల నేర్పేవాళ్లకు మొదట చెప్పే మాట 'చేతులు వెనక్కి కట్టుకోండి' అనే.

పంక్చర్ పనినే దగ్గరగా చూద్దాం. చక్రం ఊడదీసి, టైరు ఒక పక్క అంచు రిమ్ము మీదుగా తప్పించి, ట్యూబు బయటికి లాగుతారు. గాలి కొట్టి నీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోట చిల్లు తెలుస్తుంది. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. ఇక్కడ నేర్పే మనిషి ఒక ప్రశ్న వేస్తారు. ఈ చిల్లు టైరులో ఏ భాగానికి ఎదురుగా ఉంది? వాల్వు నుంచి చిల్లు ఎంత దూరంలో ఉందో కొలిచి, టైరులో వాల్వు ఉన్న చోటు నుంచి అంతే దూరం వేలితో తడుముకుంటూ వెళ్తే సన్నటి ముల్లో, గాజు పెంకో, పాత టైర్ల నుంచి రోడ్డు మీద రాలిన ఇనుప తీగ ముక్కో తగులుతుంది. అది తీయకుండా ప్యాచ్ వేస్తే రేపు మళ్లీ అదే చోట చిల్లు. ఒకే వరసలో పక్కపక్కన రెండు సన్నటి చీలికలు కనిపిస్తే అసలు ముల్లే లేదన్నమాట. గాలి తక్కువగా ఉండగా గుంతలోకి దిగితే ట్యూబు రిమ్ము అంచుల మధ్య నలిగి అలా రెండు గాట్లు పడతాయి. దాన్ని పాము కాటు అంటారు. దానికి మందు వారానికోసారి గాలి చూసుకోవడం.

తర్వాత ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి, ఆగాలి. నూటికి తొంభై మంది తడి ఉండగానే ప్యాచ్ అంటించేస్తారు. సొల్యూషన్‌లోని ద్రావకం ఎగిరిపోయి, వేలికి తడి అంటకుండా అయ్యాక అంటిస్తేనే రబ్బరూ రబ్బరూ కలిసి పట్టుకుంటాయి. ఆ ఐదు నిమిషాలు కొత్తవాళ్లకు గంటలా తోస్తుంది. కబుర్లన్నీ పుట్టేది ఆ ఐదు నిమిషాల్లోనే. ఏ దారిలో లారీలు తక్కువ, ఎక్కడ సైకిలు పెడితే పోకుండా ఉంటుంది, వానలో కాగితాలు తడవకుండా ఎలా తీసుకెళ్లాలి, రాత్రిపూట ఏ లైటు పనికొస్తుంది అన్న విషయాలు ఏ కరపత్రంలోనూ ఇంత వివరంగా దొరకవు. ప్యాచ్ ఆరేలోగా ఒక కొత్త దారి తెలుసుకుని వెళ్లే మనిషి సైకిలు తొక్కడం కొనసాగించే అవకాశం ఎక్కువ. ఉమ్మడి షాపు వల్ల కలిగే మేలు సగం ఇదే.

ఇంకో పాఠం పెడల్ దగ్గర ఎదురవుతుంది. ఎడమ పెడల్ ఊడదీయబోయిన ప్రతి కొత్త మనిషీ దాన్ని ఇంకా బిగిస్తాడు. ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయి. తొక్కేటప్పుడు బేరింగుల మీద పడే ఒత్తిడి చుట్టూ తిరుగుతూ ఇరుసును వ్యతిరేక దిశలో నెమ్మదిగా తిప్పుతుంది కాబట్టి, మామూలు మరలుంటే తొక్కుతుండగానే పెడల్ వదులై ఊడిపోతుంది. అందుకని ఎడమ వైపు తలకిందులు చేశారు. ఈ కారణం ఒకసారి తెలిశాక సైకిలు అంతుపట్టని యంత్రంలా కనిపించదు. ప్రతి ముక్కకూ ఒక కారణముంటుందని తెలిసినవాళ్లకు పాడైపోతే భయం తగ్గుతుంది.

చైను కొలవడం కూడా అక్కడే నేర్పుతారు. దానికి స్కేలు చాలు. కొత్త చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. కాబట్టి 24 ఖండాలు కలిపి 12 అంగుళాలు రావాలి. అరిగేకొద్దీ ఈ పొడవు పెరుగుతుంది. అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే చైను మార్చాల్సిన సమయం వచ్చినట్టు. ఎనిమిదో వంతు దాకా పట్టించుకోకపోతే పళ్ల చక్రాలు కూడా ఆ సాగిన చైనుకు తగ్గట్టు అరిగిపోతాయి, కొత్త చైను వేసినా జారుతుంది. అప్పుడు చైనుతో పాటు అవన్నీ మార్చక తప్పదు. స్కేలు పెట్టి చూసే అర నిమిషానికి అంత విలువ.

ఊరికే ఇచ్చిన సైకిళ్లు ఏమయ్యాయి

రిపేరు లేకుండా సైకిళ్లను మాత్రమే పంచిపెడితే ఏమవుతుందో చరిత్రలో చూడొచ్చు. 1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవో అనే యువజన నిరసన ఉద్యమానికి చెందినవాళ్లు సైకిళ్లకు తెల్లరంగు వేసి, తాళం లేకుండా వీధుల్లో పెట్టారు. ఎవరైనా ఎక్కి వెళ్లి, దిగిన చోట వదిలేయవచ్చు. తాళం లేకుండా వదిలేయడం చట్టవిరుద్ధమని పోలీసులు వాటిని పట్టుకుపోయారు. 1994లో పోర్ట్‌లాండ్‌లో పసుపు రంగు సైకిళ్లతో అదే ప్రయత్నం జరిగింది. జనానికి నచ్చింది, వార్తల్లో మారుమోగింది. కొన్నేళ్లలో సైకిళ్లు దొంగతనాలకూ, రిపేర్లు లేక మూలకూ పోయాయి.

ఆస్టిన్ నగరంలో 1997లో మొదలైన 'యెల్లో బైక్ ప్రాజెక్ట్' కథ ఇంకా ఉపయోగకరమైనది. అక్కడా మొదట పసుపు సైకిళ్లు వీధిలో వదిలారు. అవి మాయమవుతూ, విరుగుతూ ఉంటే, వాటిని తయారు చేయడానికి, బాగుచేయడానికి పెట్టుకున్న షెడ్డే క్రమంగా అసలు కార్యక్రమమైంది. జనం వచ్చి అక్కడ తమ సైకిళ్లు తామే బాగుచేసుకోవడం మొదలుపెట్టారు. వీధిలో వదిలిన సైకిళ్లు చరిత్రలో కలిసిపోయాయి, షెడ్డు నిలిచింది.

ఇదే పాఠం పెద్ద పెట్టుబడులు పెట్టినవాళ్లూ నేర్చుకోవాల్సి వచ్చింది. 2016, 2017ల్లో చైనా నగరాల్లో ఫోనుతో తాళం తీసుకునే అద్దె సైకిళ్లు లక్షల్లో దిగాయి. వాటిని బాగుచేసే ఏర్పాటు ఆ వేగంతో పెరగలేదు. చిన్న చిన్న లోపాలతో ఆగిపోయిన సైకిళ్లు ఖాళీ స్థలాల్లో గుట్టలుగా పేరుకున్న దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. ఓఫో అనే కంపెనీ 2018 చివరికి డిపాజిట్లు వాపసు అడిగేవాళ్లకు సమాధానం చెప్పలేని స్థితికి చేరింది. ఆ కంపెనీ దెబ్బతినడానికి కారణాలు చాలా ఉన్నాయి, రిపేరు ఒక్కటే కాదు. ఆ గుట్టల్లో ఉన్న సైకిళ్లలో ఒక పానా, ఒక ట్యూబు పడితే కదిలేవి చాలా ఉన్నాయన్నదీ అంతే నిజం.

దీనికి ఎదురుగా జాంబియా లాంటి దేశాల్లో పనిచేస్తున్న 'వరల్డ్ బైసికిల్ రిలీఫ్'ను చూడాలి. 2005లో మొదలైన ఈ సంస్థ బరువులు మోసే గట్టి సైకిళ్లను ఇవ్వడంతో పాటు పల్లెల్లో మెకానిక్కులకు శిక్షణ, పనిముట్లు, విడిభాగాల సరఫరా కూడా ఏర్పాటు చేస్తుంది. జాంబియాలో దూరం నుంచి బడికి నడిచివచ్చే ఆడపిల్లల్లో సైకిళ్లు అందుకున్నవాళ్లు బడి ఎగ్గొట్టడం 28 శాతం తగ్గిందని, ప్రయాణ సమయం మూడో వంతు తగ్గిందని ఒక అధ్యయనం తేల్చింది. పంక్చరైన రోజే ఆ అమ్మాయి మళ్లీ నడకకు దిగే పరిస్థితి ఉంటే ఆ మార్పు ఎన్నాళ్లు నిలిచేది?

తలుపు తెరిచే ఉన్నా లోపలికి రానివాళ్లు

పోర్ట్‌లాండ్ నగర సైకిలు విభాగంలో పనిచేసిన రోజర్ గెల్లర్ 2006లో జనాన్ని నాలుగు రకాలుగా చూపించారు. ఏ రోడ్డు మీదైనా జంకులేకుండా తొక్కేవాళ్లు ఒక శాతంలోపు. కాస్త వసతి ఉంటే ధైర్యంగా తొక్కేవాళ్లు 7 శాతం. ఏం చేసినా తొక్కనివాళ్లు మూడో వంతు. మిగిలిన 60 శాతం మంది ఇష్టమున్నా భయపడేవాళ్లు. ఇవి మొదట ఆయన అంచనాలే అయినా, తర్వాత అమెరికా నగరాల్లో చేసిన సర్వేల్లో సగానికి అటూఇటూగా జనం ఈ భయపడేవాళ్ల కోవలోకే వచ్చారు.

ఉమ్మడి షాపుల అసలు పరీక్ష ఈ 60 శాతం మందితోనే. చాలా షాపుల్లో సాయంత్రం వెళ్లి చూస్తే కనిపించేది మాత్రం ఆ ఒకటి, ఏడు శాతాలవాళ్లే. సైకిలు మీద పిచ్చి ప్రేమ ఉన్న కుర్రాళ్లు, పాత ఫ్రేముల గురించి గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లు. చంటిబిడ్డ సీటు సైకిలుకు ఎలా బిగించాలో అడుగుదామని వచ్చిన తల్లి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఈ సంగతి గమనించిన షాపులు వారంలో ఒక సాయంత్రం స్త్రీలకూ, ట్రాన్స్ వ్యక్తులకూ కేటాయిస్తున్నాయి. ఆ సాయంత్రం నేర్పేవాళ్లూ వాళ్లే ఉంటారు. 'ఇలా ఇవ్వమ్మా, నే చేస్తా' అని పానా లాక్కునేవాళ్లు ఉండరు. ఇలాంటి ఏర్పాటు ఎందుకని విమర్శించేవాళ్లున్నారు. పనిముట్టు చేతిలోంచి లాక్కున్న అనుభవం లేనివాళ్లకు దాని అవసరం కనపడకపోవచ్చు.

లండన్‌లో 2013లో మొదలైన 'ది బైక్ ప్రాజెక్ట్' మరో దారి చూపించింది. విరాళంగా వచ్చిన సైకిళ్లను బాగుచేసి శరణార్థులకూ, ఆశ్రయం కోరి ఎదురుచూస్తున్నవాళ్లకూ ఇస్తుంది. ఆశ్రయం కోసం ఎదురుచూసేవాళ్లకు పనిచేసే హక్కు చాలా పరిమితం, వారానికి వచ్చే కొద్దిపాటి భత్యంలో బస్సు టికెట్లకు పెద్దగా మిగలదు. లాయరును కలవాలన్నా, ఇంగ్లిష్ తరగతికి వెళ్లాలన్నా నగరం ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్లాలి. సైకిలు వాళ్లకు ఆరోగ్యం కోసమో, వాతావరణం కోసమో తొక్కే వస్తువు కాదు. సైకిలు ప్రచార సామగ్రిలో హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న ఆఫీసు ఉద్యోగి బొమ్మ ఉన్నంతగా వీళ్ల బొమ్మ ఉండదు. వేరే దారి లేక తొక్కేవాళ్లే చాలా చోట్ల రోజువారీ సైకిలు వాడకంలో పెద్ద భాగం. వాళ్ల పని వేళలకు షాపు తెరిచి ఉంటుందా అన్నది ఏ పోస్టరు కంటే ముఖ్యమైన విషయం.

బల్ల కింద పెట్టె, నెలాఖరు అద్దె

ఉమ్మడి షాపుకు విరాళంగా వచ్చే సైకిళ్లను చూస్తే బయటివాళ్లకు ఆశ్చర్యం కలుగుతుంది. అన్నీ బాగుచేసి ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. వాస్తవంలో కొన్నే మళ్లీ పూర్తి సైకిళ్లవుతాయి. మిగిలినవాటి నుంచి పనికొచ్చే చక్రాలు, బ్రేకులు, పెడళ్లు, సీట్లు విప్పి పెట్టెల్లో సర్దుకుంటారు, ఒట్టి ఫ్రేములు తుక్కుకు పోతాయి. ఆ విప్పడంలో, సర్దడంలో వాలంటీర్ల శ్రమ చాలా పోతుంది. పైగా సైకిలు పరిశ్రమ కొలతల గందరగోళం ఒకటి. '26 అంగుళాలు' అని రాసి ఉన్న టైర్లలో ఒకదానికొకటి పట్టనివి అరడజను దాకా ఉన్నాయి. రిమ్ము మీద టైరు కూర్చునే చోటు వ్యాసం ఒకదానికి 559 మిల్లీమీటర్లు, ఇంకోదానికి 571, మరొకదానికి 584, 590, 597. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఈ మూడంకెల సంఖ్యను చదవడం నేర్పితే, తప్పు టైరు కొని మళ్లీ షాపుకు పరుగెత్తే పని తప్పుతుంది.

చవగ్గా అమ్మే నాసిరకం సైకిళ్లు ఇంకో తలనొప్పి. చూడ్డానికి అన్ని హంగులూ ఉంటాయి. బ్రేకు చేతులు వంగిపోయే ప్లాస్టిక్‌తో, బేరింగులు మళ్లీ సరిచేయడానికి వీల్లేని రేకుతో చేసి ఉంటాయి. సగం ధర పెట్టి కొన్నవాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల స్తోమతకు దొరికింది అదే. అలాంటి సైకిలు స్టాండు మీదికి వచ్చినప్పుడు 'దీన్ని బాగుచేయలేం' అని ఆ మనిషి మొహం చూసి చెప్పాల్సిన వాలంటీరు పరిస్థితి బాధాకరం. రిపేరుకు లొంగని సైకిళ్లు అమ్మకుండా కనీస ప్రమాణాలు పెట్టాలన్న డిమాండ్ మెకానిక్కుల నుంచి అందుకే వస్తోంది.

విద్యుత్ సైకిళ్లతో ఈ సమస్య ఇంకా ముదురుతుంది. మోటారు, కంట్రోలర్, బ్యాటరీ ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. కొన్నిటి లోపాలు ఏమిటో తెలుసుకోవడానికే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. లిథియం బ్యాటరీలను తెలియక విప్పితే మంటలు లేచే ప్రమాదం ఉంది. న్యూయార్క్‌లో వరుస అగ్నిప్రమాదాల తర్వాత 2023లో, భద్రతా ప్రమాణాల ధ్రువీకరణ లేని విద్యుత్ సైకిళ్ల అమ్మకాన్ని నిషేధించారు. చాలా ఉమ్మడి షాపులు చక్రాలు, బ్రేకులు, చైను వరకే చూసి బ్యాటరీ జోలికి పోవడం లేదు. ప్రస్తుతానికి అది తెలివైన నిర్ణయమే. కొండలున్న ఊళ్లలో, వయసు పైబడినవాళ్లకు విద్యుత్ సైకిలే అసలు సైకిలవుతున్న కాలంలో అది ఎన్నాళ్లు సాగుతుందన్నది వేరే మాట. విడిభాగాలు, లోపాల సమాచారం బయటివాళ్లకూ అందుబాటులో ఉంచాలన్న చట్టాలు వస్తే తప్ప ఆ తలుపు తెరుచుకోదు.

ఇక డబ్బు. ఉమ్మడి షాపులు మూతపడటానికి ఎక్కువగా కనిపించే కారణాలు రెండు. అద్దె పెరగడం, నిర్వహించే ఇద్దరు ముగ్గురూ అలిసిపోవడం. మొదటి రెండేళ్లు ఉత్సాహంతో నడుస్తుంది. ఆ తర్వాత తాళం తీసేదీ, చెత్త ఊడ్చేదీ, లెక్కలు రాసేదీ ఒక్కరే అవుతారు. వాలంటీర్లతోనే నడపాలన్న పట్టుదల ఆదర్శంగా బాగుంటుంది గానీ, కనీసం ఒకరికి జీతమిచ్చే షాపులే తలుపులు చెప్పిన వేళకు తెరవగలుగుతాయి. తెరిచి ఉంటుందో లేదో తెలియని షాపును రోజూ సైకిలు మీద పనికెళ్లే మనిషి నమ్ముకోలేడు. పక్క వీధి మెకానిక్ పొట్ట కొడుతున్నారన్న ఆరోపణ కూడా అప్పుడప్పుడూ వినిపిస్తుంది. ఆచరణలో ఇది ఎక్కువగా రెండు వేరు వేరు గుంపుల వ్యవహారం. ఉమ్మడి షాపుకు వచ్చేవాళ్లు ఎక్కువమంది డబ్బిచ్చి బాగుచేయించుకునే స్థితిలో లేనివాళ్లో, బాగుచేయించుకోకుండా సైకిలును వదిలేసేవాళ్లో. మళ్లీ తొక్కడం మొదలుపెట్టాక వాళ్లకు కావలసిన కొత్త టైర్లు, లైట్లు, కష్టమైన రిపేర్లు మామూలు షాపులకే వెళ్తాయి.

నగరాలు చేయగలిగింది ఏమీ లేదనుకుంటే పొరపాటు. కోవిడ్ మొదటి లాక్‌డౌన్ ముగిసిన 2020 మేలో ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రతి సైకిలు రిపేరుకు 50 యూరోల దాకా భరించడం మొదలుపెట్టింది. కొత్త సైకిళ్లకు కాకుండా పాతవాటి రిపేరుకు డబ్బు పెట్టడం అక్కడ విశేషం. పథకం ముగిసేలోగా పది లక్షలకు పైగా సైకిళ్లు మెకానిక్కుల దగ్గరికొచ్చాయి. అప్పటిదాకా సెల్లార్లలో, మెట్ల కింద నిద్రపోతున్నవీ వాటిలో ఉన్నాయి. ఇంగ్లాండ్ కూడా అదే ఏడాది 50 పౌండ్ల రిపేరు వోచర్లు ఇచ్చింది. ఇలాంటి డబ్బులో కొంత భాగం ఉమ్మడి షాపులకు జీతం, అద్దె రూపంలో వెళ్తే, ఒకసారి బాగుచేసి ఊరుకోకుండా మళ్లీ మళ్లీ బాగుచేసుకోవడం నేర్పే చోటు మిగులుతుంది. అంతకంటే తక్కువ ఖర్చుతో చేయగలిగినవీ ఉన్నాయి. రైల్వే స్టేషన్ల దగ్గర, గ్రంథాలయాల్లో ఖాళీగా ఉన్న గదులివ్వడం, వదిలేసిన సైకిళ్లను తుక్కు వేలానికి పంపే బదులు ముందు ఈ షాపులకు చూపించడం అలాంటివే.

రోడ్డు సంగతి వదిలేసి షాపుల మీదే భారమంతా వేయడం మాత్రం అన్యాయం. నెదర్లాండ్స్ జనాభా కంటే ఎక్కువ సైకిళ్లున్న దేశం. అక్కడి ప్రయాణాల్లో పావు వంతుకు పైగా సైకిలు మీదే. 1971లో ఆ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో దాదాపు 3,300 మంది చనిపోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు 'పిల్లల హత్యలు ఆపండి' అంటూ వీధుల్లోకి వచ్చారు, 1973 చమురు సంక్షోభం దానికి తోడైంది, ఆ తర్వాతే రోడ్ల రూపం మారుతూ వచ్చింది. ఎంత నున్నగా తిరిగే చక్రమైనా లారీ పక్కన భద్రత ఇవ్వలేదు. గెల్లర్ చెప్పిన 60 శాతం మందికి మొదటి భయం ట్రాఫిక్కే. వాళ్లు ఆ భయాన్ని దాటి ఒకరోజు బయల్దేరాక, రెండో వారం పంక్చరైనప్పుడు మళ్లీ గోడకు చేరకుండా చూసేది షాపు. అందుకే సైకిలు దారికి బడ్జెట్ వేసేటప్పుడు దాని పక్కన రిపేరు గదికి కూడా ఒక పద్దు ఉండాలి.

ఆ పద్దు ఫలితాన్ని కొలిచే తీరు కూడా మారాలి. గ్రాంటు ఇచ్చేవాళ్లు సాధారణంగా ఎంతమంది వచ్చారు, ఎన్ని సైకిళ్లు బాగయ్యాయి అని అడుగుతారు. నిజంగా నేర్చుకున్న మనిషి షాపుకు రావడం తగ్గిస్తాడు, ఎందుకంటే పంక్చర్ ఇంట్లోనే వేసుకుంటాడు. హాజరు పట్టీలో అది నష్టంలా కనిపిస్తుంది. వచ్చినవాళ్ల దగ్గర ఫోను నంబరు తీసుకుని, ఏడాది తర్వాత ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడిగితే అసలు లెక్క తేలుతుంది: ఆ సైకిలు ఇప్పుడు ఎక్కడుంది, ఈ వారం ఎన్ని రోజులు తొక్కారు.